గడువు దాటిన రెండో రోజు

సారా కొట్టు లైసెన్సు నా పేరు మీద ఉండేది. కొట్టు మాత్రం మా ఆయనది. పెళ్లికి ముందు హార్బరులో కలాసీగా చేసే రోజుల్లో ఆయన ఒక మేస్త్రీ చెయ్యి విరగ్గొట్టాడు. ఆ కేసు ఉండగా నీకు లైసెన్సు రాదని ఎవరో చెప్పారు. నేను గోపాలపట్నంలో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, సంతకం చేయగలను, నా మీద ఏ కేసూ లేదు. అందుకని నా పేరు రాయించాడు. ఆ కాగితానికి అద్దం కట్టించి, కొట్టులో అందరికీ కనబడేలా గోడకు తగిలించాడు. తాగడానికి వచ్చినవాళ్లు కొందరు దాన్ని చూసి నన్ను ‘ఓనరమ్మా’ అని పిలిచేవారు. మొదట్లో సిగ్గేసేది. పోనుపోను ఆ పిలుపు బాగానే అనిపించేది.

కొట్టు గాజువాక నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఉండేది. ముందు తాటాకు పాకలో సారా, వెనక రెండు గదుల్లో మా కాపురం, మధ్యలో నా పొయ్యి. పొద్దున్నే నెత్తళ్లు కడిగి, ఉప్పూ కారం పట్టించి, పెద్ద మూకుట్లో వేయించేదాన్ని. శనగలు ఉడకబెట్టేదాన్ని. ఉక్కు ఫ్యాక్టరీ కోసం నేల చదును చేసే కూలీలు, హార్బరులో పని దిగినవాళ్లు, లారీలవాళ్లు వచ్చేవారు. సారా ఎక్కడైనా ఒకటే, ఈ సేపల కోసమే ఇక్కడికొస్తన్నాం అనేవారు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అంతకు ముందే మా అత్తవారి ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయింది. జీడితోట, పల్లపు పొలం, ఇల్లు, అన్నిటికీ కలిపి వచ్చిన పరిహారం మా ఆయన ఈ కొట్టు మీద పెట్టాడు. మా ఆయన అక్కని ఇచ్చింది కూడా అదే ఊళ్లో. వాళ్ల భూమీ పోయింది. ఆ వదిన భర్త నాకు వరసకి అన్నయ్య. ఆయనా మా ఆయనా ‘బావా’ అంటే ‘బావా’ అనుకుంటూ ఒక కంచంలో తిన్నవాళ్లు. పొలం పోయాక రెండేళ్లు అన్నయ్య మా కొట్టులోనే పీపాల దగ్గర కూర్చుని సారా కొలిచి పోశాడు. మెత్తటి మనిషి. ఎవడైనా తూలుతుంటే లేచి, చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటించి వచ్చేవాడు.

మా ఆయన అలా కాదు. ఆయన చెయ్యి మాటకన్నా ముందు లేచేది. పెళ్లయిన ఏడాదిలోపే నా పై పన్ను ఒకటి పోయింది. కూరలో ఉప్పు గురించో, మా నాన్న గురించో, ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. పన్ను మాత్రం గుర్తుంది, అరచేతిలో పెట్టుకుని చూశాను.

అలా అని నేను నోట్లో నాలుక లేనిదాన్నని చెప్పుకోను. ఒకసారి ఒక లారీ క్లీనరు చేపల పొట్లం అందుకుంటూ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. పొయ్యిలోంచి కట్టె లాగి వాడి చెవి మీద కొట్టాను. రక్తం మెడ మీదకి కారింది. పాకలో కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టి నవ్వారు. మా ఆయన ఆ రోజంతా నా గురించి వచ్చినవాడికల్లా చెప్పి మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉండింది. ఆ చోట కొట్టడం, కొట్టించుకోవడం ఎండా వానా లాంటివి. వాటికి ఎవరూ ప్రత్యేకంగా బాధపడేవారు కాదు.

సారా కొట్లకు ఏటా వేలంపాట జరిగేది. పాట దక్కినవాడికి మరుసటి సెప్టెంబరు ముప్పై దాకా గడువు. అక్టోబరు ఒకటి నుంచి కొట్టు కొత్తగా పాడుకున్నవాడిది. ఆ ఏడు ఒక పెద్ద కంట్రాక్టరు దిగాడు. గాజువాక నుంచి పరవాడ దాకా దారి పొడుగునా ఉన్న కొట్లన్నీ తనకే రావాలని కూర్చున్నాడు. వేలానికి ముందే మా అన్నయ్యకి ఎక్కువ జీతం ఇస్తానని చెప్పి తన దగ్గరికి తీసుకున్నాడు. అన్నయ్య మాతో చెప్పే వెళ్లాడు. ఇద్దరు ఆడపిల్లలున్నారు బావా, నీ దగ్గర ఎన్నాళ్లని కూకుంటాను అన్నాడు. మా ఆయన మొహం తిప్పుకుని ఉమ్మేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

వేలంపాటకి మా ఆయన నన్నూ తీసుకెళ్లాడు, సంతకానికి కావాలి కదా. ఆ హాలులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. గోడవారన నిలబడ్డాను. మా ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి అటొకడూ ఇటొకడూ వచ్చి కూర్చున్నారు, వెనక కుర్చీలో ఇంకొకడు. మా కొట్టు పేరు పిలిచారు. మా ఆయన చెయ్యి ఎత్తబోయి దించేశాడు. మళ్లీ పిలిచారు. మళ్లీ ఎత్తబోయి దించేశాడు. ఈయనకేమొచ్చిందని నేను మెడ చాచి చూస్తున్నాను. మూడోసారి కూడా పిలిచి, కంట్రాక్టరు పేరు రాసేసుకున్నారు. ఆయన లేచి బయటికి వస్తుంటే చూశాను. తెల్ల చొక్కా నడుం దగ్గర ఎర్రగా తడిసి ఉంది. వెనక కూర్చున్నవాడు కుర్చీ సందులోంచి కత్తి మొన ఆనించి పెట్టాడట. చెయ్యి లేచినప్పుడల్లా లోపలికి నొక్కాడట.

“అరవలేకపోనావా?” అన్నాను.

“అరిస్తే లోపలికి దించీవోడు,” అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ చొక్కా నేనే ఉతికాను. నీళ్లు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. ఉతుకుతుంటే ఏడుపు రాలేదు. ఎవరినైనా కొరికేయాలనిపించింది.

గడువు ముగిసే రోజు సాయంత్రం ఎక్సైజు గార్డు వచ్చి పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాడు. మిగిలిన సరుకు డిపోకి అప్పగించేయమన్నాడు. మూడు పీపాలు మిగిలాయి. గార్డు రోడ్డు ఎక్కీ ఎక్కకుండానే మా ఆయన ఆ పీపాలని వెనక గదిలోకి దొర్లించాడు.

“మావా, ఒద్దు,” అన్నాను. “కాగితం నా పేరు మీదుంది.”

“నీ పేరు మీదుంటే నీదైపోనాదేటే?”

“గడువైపోనాక అమ్మితే పట్టుకునేది నన్నే.”

“ఆడు నా నడుంలో కత్తెట్టి కొట్టు నాగీసుకున్నాడు. అదేటి, రూలా? ఆడికి నేని రూలు నాకేటి?”

ఆయన చెప్పిందాంట్లో తప్పేమిటో నాకూ తోచలేదు. అయినా ఇంకోసారి వద్దన్నాను. చెంప మీద కొట్టాడు. పెద్ద దెబ్బ కాదు, మాట ముగించడానికి కొట్టే దెబ్బ.

దాన్ని అడ్డం పెట్టుకుని, ఆయన కొట్టాడు కాబట్టి అమ్మాను అని చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. అది సగం నిజం. మర్నాడు పొద్దున్నే నేను బస్సెక్కి మా నాన్న దగ్గరికి పోవచ్చు. ఎవరూ కాళ్లకి తాడు కట్టలేదు. నేను పోలేదు. పొయ్యి వెలిగించాను.

అక్టోబరు ఒకటిన కంట్రాక్టరు కొట్టు తెరిచాడు, మాకు కూతవేటు దూరంలో. బంతిపూల దండలు కట్టారు. మా పాక ముందు తలుపు మూసే ఉంది. కానీ మూకుట్లో నెత్తళ్లు వేగుతుంటే ఆ వాసన రోడ్డు దాకా పోయేది. పాతవాళ్లు పెరటి దారిన వచ్చి, వెనక గదిలో గోడకి ఆనుకుని కూర్చుని తాగారు. గ్లాసులు అందించింది నేనే.

మధ్యాహ్నం మూడింటప్పుడు అన్నయ్య పెరటి వైపు నుంచి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు.

“సెల్లీ, కాసిన్ని మంచినీల్లియ్యి,” అన్నాడు.

ఇచ్చాను. తాగి, మా ఆయన వైపు తిరిగాడు.

“బావా, కొట్టు మూసీ.”

“ఏటి మూసీది?”

“నిన్నటితో నీ గడువైపోనాది. పొద్దున్నుంచి మా కొట్టుకి మనుసులు రాటం నేదు. ఓనరు ఊరుకోడు.”

“ఓనరా! ఆడు నీకు ఓనరైపోనాడేటి?”

“కోపం కాదు బావా. మిగిలిన సరుకు డిపోకి తోలీ. కావాలంటే బండి నానే కడతాను. ఆలతో నువ్వు పడనేవు.”

“నా నడుంలో కత్తెట్టినప్పుడు నువ్వెక్కడున్నావురా?”

అన్నయ్య కాసేపు గ్లాసు చేతిలో తిప్పాడు.

“ఆడనే ఉన్నాను,” అన్నాడు. “గుమ్మం కాడ.”

మా ఆయన చేతిలో ఇత్తడి కొలత గ్లాసు ఉంది. దాన్ని విసిరాడు. కనుబొమ మీద తగిలి చర్మం చీలింది. రక్తం కంట్లోకి కారింది. అన్నయ్య తిరిగి కొట్టలేదు. తువ్వాలు తీసి అదిమిపెట్టుకున్నాడు. నేను పసుపు తేబోతే వద్దని చెయ్యి ఊపాడు. చెప్పులు వేసుకుంటూ అన్నాడు:

“రేపు గాంధీ జయంతి. కొట్లన్నీ మూసుంటాయి. మా మనుసులందరూ కాలీగా ఉంటారు. అర్దమవుతందా బావా?”

అర్థమయింది. మా ఇద్దరికీ అర్థమయింది. అయినా మర్నాడు అమ్మాం. ఎందుకంటే ఆ రోజు గాజువాక మొత్తంలో ఎక్కడా చుక్క దొరకదు. ఒక్క రోజులో పీపాలు మూడూ అయిపోతాయి, తర్వాత మూసేద్దాం అన్నాడు మా ఆయన. నేను ఊఁ అన్నాను.

పొద్దున్న బడిపిల్లలు జెండాలు పట్టుకుని వరసగా రోడ్డు మీద పోయారు. మహాత్మునికి జై అని అరుచుకుంటూ పోయారు. వాళ్లు మలుపు తిరగ్గానే మనుషులు రావడం మొదలయింది. రోజూ వచ్చేవాళ్లే కాదు, ఎన్నడూ చూడనివాళ్లు కూడా. వెనక గది చాలక ముందు పాక తలుపు తెరిచేశాం. దాచడం మానేశాం. పదకొండయ్యేసరికి రెండో పీపా సగానికి వచ్చింది. ఆ రద్దీకి మా ఆయన నవ్వుతూ ఉన్నాడు. వేలంపాట రోజు తర్వాత ఆయన నవ్వడం అదే.

పన్నెండు దాటాక లారీ వచ్చింది. నాకు ముందు వినబడింది లారీ వెనక తలుపు దించిన చప్పుడు. ఆరుగురు దిగారు. చేతుల్లో కాంక్రీటులో వేసే ఇనుప చువ్వలు, సైకిలు చైన్లు. ఆరో మనిషి మా అన్నయ్య. కనుబొమ మీద గుడ్డ కట్టు ఉంది.

తాగేవాళ్లు గోడ దూకి పారిపోయారు. ఒక ముసలి మట్టిపని కూలీ మాత్రం లేవలేకపోయాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, ఏం జరుగుతోందో తెలియక చూస్తున్నాడు. చైనుతో మూతి మీద కొట్టారు. గ్లాసూ పళ్లూ కలిసి ఒళ్లో పడ్డాయి. ఆ ముసలాయన వాటిని ఏరుకోవడం మొదలుపెట్టాడు. అది నాకు ఈనాటికీ కళ్లకి కడుతుంది, గాజుపెంకుల్లోంచి పళ్లు ఏరుకోవడం.

పీపాలని చువ్వలతో పొడిచారు. సారా ధారలు కట్టి నేల మీద పారింది. వాసనకి కళ్లు మండాయి. ఒకడు గోడ మీది లైసెన్సు తీసి, పైకెత్తి, “గడువైపోయిన కాయితం ఇంకా దేనికిరా?” అని మా ఆయన నెత్తి మీద కొట్టాడు. అద్దం నుదుటి మీద పగిలింది. మా ఆయన గుడ్డిగా ఎదురుతిరిగి, ఎవడి చేతిలోదో చువ్వ లాక్కుని ఒకడి భుజం ఎముక విరగ్గొట్టాడు. వాడు పంది అరిచినట్టు అరిచాడు. అంతటితో మిగతావాళ్లకి పిచ్చెత్తింది. మా ఆయన్ని కాళ్లు పట్టి రోడ్డు మీదకి ఈడ్చారు. ఎర్రమట్టిలో వెల్లకిలా పడేశారు. ఇద్దరు మోకాళ్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. ఎముక విరిగితే చప్పుడు చిన్నదే. పొయ్యిలో పచ్చికట్టె చిట్లిన చప్పుడులా ఉంది. మొదటి మోకాలికి మా ఆయన అరిచాడు. రెండో మోకాలికి గొంతు లేవలేదు.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. అక్కడి నుంచి చూస్తే అన్నయ్య మా ఆయన మీద ఒంగి, రెండు చేతులూ అదిమిపట్టి ఉన్నాడు. పక్కన ఇంకొకడు చువ్వ పైకెత్తాడు.

చీర కొంగు రెండు చేతులకీ చుట్టుకుని మూకుడు ఎత్తాను. నూనె మరుగుతోంది, నెత్తళ్లు అందులోనే ఉన్నాయి. గుమ్మం దాటి ఐదారు అడుగులు వేశాను. అన్నయ్య తల తిప్పి నన్ను చూశాడు. పోశాను.

తెలియక పోశానని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరి మీద పోస్తున్నానో నాకు తెలుసు. ఆ ఆరుగురిలో నేను వండిపెట్టిన మనిషి ఆయనొక్కడే. ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద అంత కోపం రాదు.

అన్నయ్య అరుపు నేను రాయలేను. మొహం మీద చేతులు వేసుకుంటే చేతులకి చర్మం ఊడి వచ్చింది. వేగిన చేపలు మెడ మీదా చొక్కా మీదా అంటుకుని ఉన్నాయి. కొంత నూనె మా ఆయన భుజం మీద పడి అక్కడ బొబ్బలెక్కింది. ఖాళీ మూకుడు ఇంకా నా చేతుల్లోనే ఉంది. కొంగు కాలి అరచేతులకి అతుక్కుందని అప్పటికి తెలియలేదు.

మిగతా ఐదుగురు లారీ ఎక్కి వెళ్లిపోయారు. తమతో వచ్చినవాణ్ని రోడ్డు మీదే వదిలేసి పోయారు. కాసేపటికి కంకర తోలే లారీ ఒకటి ఆగింది. చుట్టుపక్కలవాళ్లు మా ఆయన్నీ అన్నయ్యనీ ఒకే లారీలో పక్కపక్కనే పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నేనూ ఎక్కబోయాను. అప్పటికే పోలీసు జీపు వచ్చింది.

అంతకు ముందు ఏ గొడవకీ జీపు అంత త్వరగా రాలేదు. అధికారి పాకలోకి వచ్చి, తడిసిన నేల మీద జాగ్రత్తగా అడుగులు వేసి, గాజుపెంకుల్లోంచి లైసెన్సు తీశాడు. చదివి నా వైపు చూశాడు.

“ఇందులో పేరు నీదేనా?”

“నాదే బాబూ.”

“గడువెప్పటి దాకా?”

“మొన్నటి దాకా.”

“గాంధీ జయంతి నాడు కూడా అమ్మాలా?”

లారీలో ఎవరొచ్చారని, చువ్వలు ఎవరివని ఎవరూ అడగలేదు. గడువు దాటాక సారా అమ్మినందుకు, అమ్మకూడని రోజున అమ్మినందుకు నన్ను జీపు ఎక్కించారు.

స్టేషన్లో ఒక ఆడ కానిస్టేబులు నా అరచేతులకి తడిగుడ్డ చుట్టింది. నేను బల్ల మీద కూర్చుని, నా మొగుడు బతికున్నాడా అని అడిగాను. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే రాసుకుంటున్న హెడ్డు లేచి వచ్చి చెంప పగిలేలా కొట్టాడు. చెవిలో గుయ్యిమని మోత. ఆ మోత నాలుగు రోజులుంది. తర్వాత ఇంక అడగలేదు.

మర్నాడు మా నాన్న వచ్చి జామీను ఇచ్చి విడిపించాడు. రైల్వేలో గ్యాంగుమన్‌గా చేసిన మనిషి, జన్మలో స్టేషను మెట్లు ఎక్కలేదు. రోడ్డు మీదకి వచ్చాక చెట్టునీడన ఆగాడు.

“సారా అమ్మినావని కాదమ్మా నాను బాదపడతన్నది,” అన్నాడు. “ఆ నూనె...”

ఆపేశాడు. బస్సు వచ్చింది. దారి పొడుగునా ఆయన నా కట్టుకట్టిన చేతుల వైపు చూడలేదు.

ఆసుపత్రిలో మా ఆయన రెండు కాళ్లకీ తొడల దాకా పిండికట్టు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, “బావ ఎలగున్నాడు?”

నాకు ఒళ్లు మండింది. “నీ సేతులు పట్టుకుని కొట్టించినోడి మాట నన్నడుగుతావా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నా తలకాయ మీద పడ్డాడే ఆడు. ఆ రాడ్డు నా బుర్రకి దిగాల్సింది, ఆడి ఈపుకి దిగినాది. ఆడు నేకపోతే నానీపాటికి సచ్చిపోదును.”

ఆ మంచం ఇనుప కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి కాలినవాళ్ల వార్డు ఎక్కడో అడిగి గుమ్మం దాకా వెళ్లాను. లోపల కిటికీ పక్క మంచం మీద తల మొత్తం తెల్లటి కట్టు. నోటి దగ్గర మాత్రం చిన్న సందు వదిలారు. వదిన పక్కన స్టూలు మీద కూర్చుని ఆ సందులో చెంచాతో నీళ్లు పోస్తోంది. తలెత్తి నన్ను చూసింది. నేను లోపలికి వెళ్లలేదు, వెనక్కి తిరిగి వచ్చేశాను.

వారం తర్వాత వదిన మా ఇంటికి వచ్చింది. నేను పాక ముందు గాజుపెంకులు ఊడుస్తున్నాను. నా చేతిలో చీపురు లాక్కుని, తిరగేసి, దాని మొదలుతో కొట్టడం మొదలుపెట్టింది. తల మీద, వీపు మీద, కట్టుకట్టిన చేతుల మీద. చీపురు విడిపోయాక చెప్పు తీసింది. రోడ్డు మీద జనం ఆగారు. ఎవరూ అడ్డం రాలేదు. నేను పాక గుంజ పట్టుకుని నిలబడ్డాను.

“నీ సేతులు పడిపోను! ఆ మొకం రోజూ సూడాల్సింది నానే గదే! నువ్వు సూత్తావా? ఒక్కరోజు సూడు! నా గుంటలిద్దరూ ఆల బాబుని సూసి మంచం కిందకి దూరిపోతన్నారు!”

కొడుతూనే ఉంది. పెదవి చిట్లింది, కన్ను వాచింది. కొట్టనీ అనిపించింది. ఇంకా కొట్టమని అడగాలనిపించింది. చివరికి చెయ్యి లేవక, మా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి, “నీల్లియ్యి,” అంది. గ్లాసుతో ఇచ్చాను. తాగి, చెప్పు కాలికి తొడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

సారా కేసులో జరిమానా పడింది. ఇంకెప్పుడూ నా పేరు మీద లైసెన్సు ఇవ్వరని చెప్పారు. పాకని పీకేశారు. నూనె కేసు మాత్రం రాలేదు. తోపులాటలో మూకుడు జారి మీద పడిందని అన్నయ్య చెప్పాడు. ఆ దొమ్మీ మొత్తంలో ఎవరి పేరూ బయటికి రాలేదు. ఆ మనిషి దేవుడు, నీ పేరు కడుపులో దాచుకున్నాడు అని చుట్టుపక్కల అందరూ అన్నారు. నేనూ అలాగే నమ్మాను. ఆ నమ్మకం కంటే ఆయన నన్ను జైల్లో వేయించి ఉంటే నయం అనిపించేది.

మా ఆయన కర్ర సాయంతో నడవడానికి ఏడాది పట్టింది. మోకాళ్లు ఇంక సరిగ్గా వంగలేదు. ఆ తర్వాత ఒకేసారి నా మీదకి కర్ర ఎత్తాడు. నేను దాన్ని చేతిలోంచి తీసుకుని గోడకి చేరవేశాను. కర్ర లేకపోతే ఆయన నిలబడలేడు, మంచం కోడు పట్టుకున్నాడు. మళ్లీ నేనే కర్ర ఇచ్చాను. ఆయన ఇంకెప్పుడూ కొట్టలేదు.

నేను ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట కూలీల క్యాంటీనులో వంటకి కుదిరాను. అన్నయ్యకి ఎడమకన్ను పోయింది, అటువైపు చెవి కరిగి ముద్దయింది. ఆయన మొహం చూసి తాగేవాళ్లు జంకుతున్నారని కంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు. కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాడనీ, తర్వాత ఫ్యాక్టరీ దగ్గరే సిమెంటు గోడౌనుకి కాపలా పనిలో చేరాడనీ విన్నాను.

ఐదారేళ్లు గడిచాయి. పొగగొట్టాలు లేచి దూరానికి కనబడుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం అందరూ తిని వెళ్లిపోయాక క్యాంటీనులోకి ఒక మనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. తువ్వాలు తీశాక గుర్తుపట్టాను. అన్నం, పప్పు, వంకాయ కూర పళ్లెంలో పెట్టి ఇచ్చాను. తినడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

“అన్నయ్యా,” అన్నాను, “నా పేరెందుకు సెప్పనేదు?”

ముద్ద నమిలి మింగాడు.

“సెబుదామనే అనుకున్నాను. అప్పటికి మూతి కట్టేసున్నాది. మాట వొచ్చేసరికి ఓనరు మనుసులు మంచం కాడికొచ్చినారు. నూనె పోసినాదంటే నువ్వక్కడికెందుకెల్లినావని అడుగుతారు, అందరం లోపలికి పోతాం, జారిపడిందని సెప్పు అన్నారు. సెప్పినాను. నీ మీద జాలి కాదు.”

“మా మావ సెప్పినాడు, నువ్వడ్డం పడి కాపాడినావని.”

“ముందు పట్టుకున్నాను,” అన్నాడు. “పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. కొలతగ్లాసు దెబ్బకి నాకూ కోపముంది. రాడ్డు తలకాయ మీదకి లేసినప్పుడు సూడనేకపోనాను, మీద పడిపోనాను. రెండూ సేసినాను సెల్లీ. నువ్వు ఏది సూసి పోసినావో నాకు తెలవదు.”

అబద్ధం చెప్పడానికి వీల్లేని ప్రశ్న అది.

“నానేదీ సూడనేదన్నయ్యా. నీ మొకం తెలిసినాది. పోసీసినాను.”

ఆయన ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు.

“సానా ఏళ్లు నిన్ను సంపీవాలనుకున్నాను,” అన్నాడు. “ఇప్పుడంత నేదు. ఉంది గానీ, అంత నేదు.”

పళ్లెం తనే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. కొన్ని రోజులు మా ఆయన కూడా కర్ర ఊతంతో వచ్చి ఆయన ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ పోయిన ఊరి గురించి, ఎవరి జీడితోట ఎక్కడుండేదన్న దాని గురించి వాదించుకునేవారు. నేను అన్నయ్యకి కుడివైపు నుంచి వడ్డించేదాన్ని. పనుల హడావిడిలో ఎప్పుడైనా మరిచిపోయి ఎడమవైపు నుంచి చెయ్యి చాపితే, ఒక్కసారి ఉలిక్కిపడి మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి ఆగేదాన్ని. కాసేపటికి మోచెయ్యి దించి, “ఎయ్యి,” అనేవాడు.